నేను గవర్నర్‌నైన మధ్యాహ్నం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. సిడ్నీకి చదువుకోవడానికి వచ్చిన కొత్త. ఏ ప్లాట్‌ఫామ్ మీద ఏ రైలు ఎక్కాలో తెలియకపోయినా, ప్రభుత్వం ఎలా నడుస్తుందో మాత్రం క్షుణ్ణంగా తెలుసనుకునేవాణ్ణి. ‘గవర్నరు మంత్రులను నియమించును’ అని తొమ్మిదో తరగతిలో కంఠతా పట్టి మార్కులు కొట్టినవాణ్ణి మరి. (ఆ వాక్యం తర్వాత ఇంకో వాక్యం కూడా ఉందట. దాన్ని చాయిస్‌లో వదిలేశాను.) అలాంటి నన్ను మా యూనీలో, అంటే యూనివర్సిటీలో, విద్యార్థులు నమూనా శాసనసభ పెట్టుకుంటూ గవర్నర్‌గా ఉండమన్నారు. ఏ పార్టీకీ చెందనివాడు, సూటు ఉన్నవాడు కావాలట. (సూటు మా మేనమామ పెళ్లినాటిది. అందులో భుజాలు ఆయనవే. నేను లోపలెక్కడో ఉండేవాణ్ణి.)

సిడ్నీ శివార్లలోని క్వేకర్స్ హిల్‌లో నాతో కలిసి అద్దెకుంటున్న ఇద్దరికీ ఆ సాయంత్రమే పదవులు పంచేశాను. ఒకరు గుంటూరు నుంచి సగం పెట్టె ఆవకాయతో దిగిన పచ్చడన్న. ఆయనకు ఆరోగ్యశాఖ. రెండోవాడు నల్గొండ నుంచి వచ్చిన నా ఈడువాడు. సూపర్‌మార్కెట్‌లో పని ముగించుకుని వచ్చేసరికి స్టేషన్ దగ్గర బస్సు వెళ్లిపోయి, రోజూ నడిచే ఇల్లు చేరేవాడు కాబట్టి వాణ్ణి బాటసారి అనేవాళ్లం. “నాకు బస్సుల శాఖ ఇయ్యిరా, మన దిక్కు ఇంకో బస్సు ఏపిస్త,” అన్నాడు. నవ్వుతూ అన్న మాట కాదు. ఆ వారమంతా నా వంతు గిన్నెలు కూడా వాళ్లే తోమారు. నేను వద్దనలేదు. ప్రజాసేవకు ఇప్పటినుంచే అలవాటు పడితే మంచిదనుకున్నాను.

తీరా సభ జరిగిన శనివారం మధ్యాహ్నం ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. సభలో మెజారిటీ తెచ్చుకుని ప్రీమియర్ అయిన అమ్మాయి, అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి, లా చదువుతోంది. ఇక్కడే పుట్టిన తెలుగుపిల్ల. నా దగ్గరకొచ్చి తన మంత్రుల పేర్లు చెప్పి, ఇది తన అడ్వైస్ అంది. సలహా బాగుందనీ, అయితే నా మనుషులు వేరే ఉన్నారనీ, ఆలోచించి చెబుతాననీ పెద్దరికంగా అన్నాను.

ఆ పిల్ల, “అన్నా, అడ్వైస్ అంటే అడ్వైస్ కాదు. యూ జస్ట్ డూ ఇట్,” అంది.

పైగా మంత్రి కావాలంటే సభలో సభ్యుడై ఉండాలట, మావాళ్లు ప్రేక్షకులు. ముక్కూమొహం తెలియనివాళ్లందరి చేతా వరసగా ప్రమాణం చేయిస్తూ ముందు వరుస వైపు చూడలేకపోయాను. పోనీ మంత్రివర్గ సమావేశంలోనైనా పెద్దకుర్చీ నాదే కదా అని వాళ్ల వెనకే నడిచాను. కేబినెట్‌లో గవర్నర్ ఉండకూడదని చెప్పి, నా ముఖం మీదే తలుపేశారు. మరి నేనెందుకున్నట్టు? వరండాలో నిలబడి ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

కాసేపటికి నన్నే పిలిచారు. ఇప్పుడు ఇది ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ అట. మనుషులు వాళ్లే, గదీ అదే. పేరు మారగానే పెద్దకుర్చీ నాదైంది. నిర్ణయాలన్నీ ముందే అయిపోయాయి, నేను ఆమోదించడమే తరువాయి. రవాణామంత్రి అయిన కుర్రాడు, కొత్త బస్సులన్నీ యూనీ చుట్టూ తిరగాలన్న నిర్ణయం చదివాడు. అడగొచ్చో లేదో తెలియకుండానే అడిగేశాను: క్వేకర్స్ హిల్‌లో ఆఖరి బస్సు వెళ్లిపోయాక పని నుంచి వచ్చేవాళ్ల సంగతేమిటి?

కుర్రాడు ప్రీమియర్ వైపు చూశాడు. తప్పు చేశాననే అనుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం గవర్నర్ ప్రశ్నలు అడగొచ్చని చెప్పి, మళ్లీ నన్ను బయటికి పంపి తలుపేయించింది. తిరిగి పిలిచేసరికి నిర్ణయంలో మా పేటకు ఒక బస్సు చేరింది. ఆమోదించాను. అంత ఇష్టంగా నేను మళ్లీ దేన్నీ ఆమోదించలేదు.

ఆ సాయంత్రం స్టేషన్‌లో దిగేసరికి మామూలుగానే బస్సు లేదు. లోపల బస్సు గురించి అడిగిన సంగతి రైల్లోనే వాళ్లకు చెప్పేశాను. ముగ్గురం నడక మొదలుపెట్టాం. ఇంతకీ రాష్ట్రాన్ని నడిపేదెవరని పచ్చడన్న అడిగాడు. గవర్నర్ పేరు మీద అంతా జరుగుతుంది గానీ గవర్నర్ చేయరనీ, చేసేవాళ్లు గవర్నర్ లేకుండా కూర్చుంటారనీ చెబుతూ చెబుతూ, సగం దారిలో నేనే తప్పిపోయాను. బాటసారి మాత్రం నా భుజం మీద (అంటే మేనమామ భుజం మీద) చెయ్యేసి, “మంత్రిని చెయ్యకపోతే పాయె. నా ముచ్చట ఆడ అడిగినవు గదరా,” అన్నాడు.

ఇప్పుడు క్వేకర్స్ హిల్ పక్కనే స్కోఫీల్డ్స్‌లో సొంత ఇల్లుంది, కారుంది. టీవీలో ఎప్పుడైనా మంత్రుల ప్రమాణ స్వీకారం వస్తే, మా అమ్మాయి హూ ఈజ్ ద బాస్ అని అడుగుతుంది. తెలిసినంతవరకు చెబుతాను, చివర్లో తనే ఏదో ఒకటి తేల్చుకుంటుంది. నాకు మాత్రం మేనమామ సూటులో దూరిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా, అద్దె వంటింట్లో నిలబడి, అడిగినవాళ్లకు అడిగిన శాఖ ఇచ్చేశాడు. అంత ధారాళంగా ఎవరికైనా ఏదైనా ఇచ్చి చాలా ఏళ్లయింది.