సాగనంపే మనిషి కోసం

మొదట నా బుద్ధితక్కువతనం ఒప్పేసుకుంటే తక్కినది చెప్పడం తేలిక. పరాయి దేశంలో ఒక సెమిస్టరు చదివి తిరిగివచ్చే రోజున, ఎవరో వచ్చి సాగనంపుతారని పెట్టె మీద కూర్చుని ఎదురుచూసి, ఎక్కవలసిన రైలును చేజేతులా వదులుకున్న ఘనుణ్ని నేను. పాతికేళ్లుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మొన్న మా తమ్ముని కూతురు అట్లాగే ఒక సెమిస్టరు చదువు ముగించుకుని వచ్చి, అక్కడి స్నేహితులు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్న వీడియోను నా ముక్కు దగ్గర పెట్టి, "పెద్దనాయనా, నువ్వొచ్చేనాడు నీగ్గూడ గిట్లనే ఏడుపొచ్చిందా?" అని అడిగితే, "రాకేంది బిడ్డా, మస్తు వచ్చింది" అన్నాను. అబద్ధం. ఏడుపు కాదు కదా, ఆవులింత కూడా రాలేదు.

అప్పుడు నేను వనపర్తిలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే కుర్ర లెక్చరర్ని. పల్లీ చేన్ల మధ్య పుట్టినవాణ్ని కనుక విత్తనాల గురించి మరో నాలుగు ముక్కలు నేర్చుకుని రమ్మని జర్మనీలో ఒక చిన్న ఊరికి పంపించారు. నేర్చినవి ఆ నాలుగే, అవీ ఇప్పుడు ముక్కముక్కలుగానే గుర్తున్నాయి. వాళ్ల భాష నాకు అంతంత, మా ఇంటాయనకు ఇంగ్లిషు అంతంత, ఆ రెండు అంతంతల మధ్య మేమిద్దరం నాలుగున్నర నెలలు చక్కగా కాపురం చేశాం. ఇంటాయన అంటే నేను అద్దెకున్న ఇంటి యజమాని; భార్య పోయిన మనిషి, పై అంతస్తులో ఆయన, కింది గదిలో నేను. ప్రతి ఆదివారం ఆయన దిగివస్తే వంటగది బల్లకు చెరోవైపున కూర్చుని ఇద్దరం ఆలుగడ్డలు చెక్కు తీసేవాళ్లం. నేను మందంగా తీస్తానని, సగం గడ్డ తొక్కతోనే పోతున్నదని ఆయనకు బాధ. నా చేతిలోది లాక్కుని మళ్లీ మొదటినుంచి చూపించేవాడు. మా నాయన కూడా నాకు నాగలి పట్టడం అంత ఓపికగా నేర్పలేదు.

బయలుదేరే ముందటి సాయంత్రం ఆయన కిందికి వచ్చి, చేయి కలిపి, ప్రయాణం బాగా జరగాలని చెప్పి, పొద్దున తాళంచెవి ఉత్తరాల డబ్బాలో వేసి పొమ్మని పైకి వెళ్లిపోయాడు. అదే వీడ్కోలని నాకు తట్టలేదు. ఎట్లా తడుతుంది? మా గద్వాల ఇంట్లో ఎవరన్నా ఊరికి పోతుంటే ముందురోజు చెప్పిన మాట లెక్కలోకి రాదు. పొద్దున ఇంటి పెద్ద గడప దాటి వచ్చి, వీధి మలుపు దాకా నడిచి, బండి కనుమరుగయ్యేదాకా నిలబడితేనే పంపినట్టు. "పెద్దమనిషి గడప దాంక రాంది అడుగు బయట పెట్టకురా, పంపెటోళ్లు లేకుంటే దిక్కులేనోని పయనమైతది" అనేది మా అవ్వ.

ఐదింటికే లేచి, స్నానం చేసి, తలుపు దగ్గర పెట్టె మీద కూర్చున్నాను. పైన ఆయన నడుస్తున్న చప్పుడు, నల్లా విప్పిన చప్పుడు. వస్తున్నాడు, చొక్కా మార్చుకుంటున్నాడు, బూట్లు వేసుకుంటున్నాడు అని నాకు నేనే చెప్పుకుంటూ, గడియారం చూస్తూ చూస్తూనే రైలు వేళ దాటించేశాను. మెట్లెక్కి తలుపు కొట్టి 'పోయొస్త' అంటే సరిపోయేది. కానీ, సాగనంపమని అడుక్కుంటారా ఎవరన్నా? ఇన్ని నెలలూ ఆయనకు నేను అద్దెవాణ్నేనా, ఇంకేమన్నా అయినానా అన్నది తేలేది ఆ గడప దగ్గరే అనుకున్నాను. ఎనిమిదింటికి ఆయన పేపరు కోసం దిగివచ్చి, నన్ను చూసి హడలిపోయి, జ్వరమేమోనని నుదురు పట్టి చూశాడు. ఏం చెప్పను? నిద్రపట్టేసిందన్నాను. పాపం, పైకి పోయి రైళ్ల పట్టిక తెచ్చి, తరువాతి రైలు సమయం వెతికి చెప్పి, మళ్లీ చేయి కలిపి, మళ్లీ అదే మాట అని, పేపరు చంకన పెట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

తాళంచెవి డబ్బాలో పడిన చప్పుడు విన్నాను. నా లోపల మాత్రం ఏ చప్పుడూ లేదు. బాధ అనడానికి లేదు, కోపమనడానికి లేదు. చాలాసేపు మడిచి కూర్చున్న కాలు ఉంటుందే, గిల్లినా తెలియదు, అట్లా ఉంది మనసు. ఆ తిమ్మిరి రైల్లో పోలేదు, విమానంలో పోలేదు. ఇల్లు చేరగానే మా అవ్వ మొదట అడిగిన మాట, "మంచిగ సాగనంపిండ్రా బిడ్డా?" అని. "వాడకట్టంత వచ్చిండ్రవ్వా" అన్నాను. అవ్వ సంతోషించింది.

ఇప్పుడు అవ్వ లేదు, వీధి మలుపు దాకా నడిచే అలవాటూ లేదు. మా తమ్ముని కూతురు చదువుకు బయలుదేరిన రోజున కారు అద్దం సగం దించి చేయి ఊపితే, నేను కుర్చీలోంచి లేవకుండానే ఊపాను, మోకాళ్ల నొప్పుల మీద నెపం పెట్టి. ఆ పిల్లకు ఏ లోటూ అనిపించలేదు. అదే నాకు లోటనిపించింది. మన ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుంది. చెప్పవలసిందంతా అయిపోయాక కూడా బస్సు కదలక, కిటికీ ఊచ పట్టుకుని "పోంగనే ఉత్తరం రాయి" అని నాలుగోసారి చెప్పడంలో ఒక సుఖముండేది.

ఆ సుఖం ఇంటాయనకూ చూపించే అవకాశం కిందటేడు దొరికింది. ఏడాదికొక కార్డు రాస్తూ వచ్చిన మనిషి, హంపి చూడడానికని వచ్చి, గద్వాలలో మా ఇంట రెండు రోజులున్నాడు. చివరి సాయంత్రం భోజనం కాగానే అందరికీ చేయి కలిపి, పొద్దున ఎవరూ లేవద్దు, తానే ఆటో ఎక్కి స్టేషనుకు పోతానన్నాడు. సరేనన్నాను. పొద్దున ఆయన తలుపు తీస్తే అరుగు నిండా జనం! తమ్ముని కుటుంబం, నాగర్‌కర్నూల్ నుంచి మా బావమరిది, పక్కింటివాళ్లు, ఆఖరికి పాలామె కూడా. నా భార్య బొట్టు పెట్టి పెరుగన్నం తినిపించింది; గడప దాటబోతుంటే ఎవరో తుమ్మారని మళ్లీ కూర్చోబెట్టి నీళ్లు తాగించారు. మూడు ఆటోల్లో స్టేషనుకు పోయాం. మా గుంపును చూసి టీ కొట్టువాడు, "ఏంది సారూ, ఎవర్ని అత్తగారింటికి తోలుతుండ్రు?" అంటే, "గీ పెండ్లిపిల్లనే, మీసాలున్నయి గని" అంది పాలామె. రైలు గంట ఆలస్యం. ఒక్కరూ కదల్లేదు. చెప్పడానికేమీ మిగలని ఆ మనిషి, ఏం చేయాలో తోచక, అందరికీ రెండోసారి, మూడోసారి చేయి కలిపి, చివరికి టీ కొట్టువానికీ, మాకెవరికీ తెలియని ఒక ముసలామెకూ కలిపాడు.

రైలు వచ్చింది. ఎక్కి తలుపు దగ్గరే నిలబడ్డాడు. కదిలేసరికి మావాళ్లంతా చేతులూపారు. ఆయన ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, మెడ చాపి, ఆ చేతుల మీదుగా ఒక్కొక్క ముఖమూ దాటుకుంటూ వెతుకుతున్నాడు. నేను టీ కొట్టు వెనక ఉన్నాను. పది అడుగులు వేస్తే కనబడేవాణ్ని. వేయలేదు.