లేవకుండా చూసిన సినిమా

సినిమా హాళ్లలో రీళ్ల పెట్టెలు పోయి కంప్యూటర్ ప్రొజెక్టర్లు వస్తున్న రోజులవి. ఆమదాలవలసలో శ్రీకాకుళం బస్సెక్కితే నా పక్క సీట్లో ఓ పెద్దాయన, ఆయన భార్య కూర్చున్నారు. ఆయన చొక్కా అంచు ఆమె పిడికిట్లో ఉంది. నేను చూస్తున్నానని గమనించి ఆమే చెప్పింది.

"మాటినీకి ఎల్తన్నాం బాబూ. ఈ మడిసి సినిమా హాల్లో ఆపరేటరు. పెళ్లైన కాడ్నించీ నా పక్కన కూకుని ఒక్క సినిమా సూసినోడు కాదు."

"రీలు అయిపోయేసరికి రెండో మిషను తిప్పాల గదా! ఇప్పుడైతే బొత్తం నొక్కితే అదే ఆడతాది. నాకూ సెలవు దొరకతన్నాది," అన్నాడాయన.

"అలవాటు పోనేదు బాబూ. ఇంట్లో టీవీ సూసినా మద్దిలో లేసి నిలబడిపోతాడు. ఒరే మావా, ఈయాల గానీ లేసినావంటే మరి నీతో సినిమాకి రాను."

"లేవనే," అని ఆయన మాటిచ్చాడు. ఇచ్చాడో లేదో, బస్సు స్టాండులోకి తిరగగానే లేచాడు. ఆమె చొక్కా పట్టి లాగింది. ముగ్గురం నవ్వుకున్నాం.

సాయంత్రం తిరుగు బస్సులో మళ్లీ వాళ్లే కనిపించారు.

"లేచాడా అమ్మా?" అని అడిగాను.

"నేదు బాబూ. ఇంటర్‌వెల్ అవగానే నా బుజం మీద తలెట్టి నిద్రోయాడు."

"లేపలేదా?"

"ఎందుకు బాబూ? హాల్లో నిద్రోడం ఆడికిదే మొదలు."

ఆయన సిగ్గుపడుతూ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆమె ఒక భుజాన్ని మెల్లగా నిమురుకుంటోంది.