ట్రైలర్‌కు బిగించిన రెండు గొట్టాలు

అది 1961. మాచర్ల అవతల, కృష్ణ ఒడ్డున ఒక సర్వే క్యాంపులో మెకానికల్ సూపర్‌వైజర్‌గా ఉండేవాణ్ణి. డిప్లొమా పూర్తిచేసి నరసరావుపేట నుంచి వచ్చి రెండేళ్లయింది. నది లోతు కొలిచే మోటారు పడవ ఒకటి నా చేతి కింద ఉండేది. వానాకాలంలో నీళ్లు ఎప్పుడు పెరుగుతాయో తెలియదు కాబట్టి రోజూ సాయంత్రం దాన్ని ట్రైలర్ మీదికి ఎక్కించి గట్టుకు లాగేవాళ్లం.

ట్రైలర్ అంటే జీపు వెనక తగిలించే రెండు చక్రాల బండి. దాన్ని వెనక్కి నడిపి నీళ్లలోకి దించుతారు. పడవ ముక్కుకు ఇనపతాడు తగిలించి, ఆ తాడును చుట్టుకునే వించ్‌ను చేత్తో తిప్పితే పడవ బండి మీదికి వస్తుంది. చెప్పడానికి ఇంతే. కానీ బురదనీళ్లలో మునిగిన ట్రైలర్ ఎక్కడుందో పైకి కనిపించదు. పడవ నడిపే ఏసోబు నడుంలోతు నీళ్లలో నిలబడి, కాలితో చక్రాన్ని తడుముకుంటూ, ప్రవాహం పక్కకు నెడుతున్న పడవను భుజంతో మధ్యకు తోసేవాడు. యాభై దాటిన మనిషి. నేను ఒడ్డున బూట్లు తడవకుండా నిలబడి కేకలు వేసేవాణ్ణి.

ఒకరోజు పని అయ్యాక అతను తల తుడుచుకుంటూ వచ్చాడు.

“సారూ, ట్రైలర్‌కి వెనక రెండు పక్కలా నిలువుగా గొట్టాలు బిగించండి. నీళ్ల పైకి కనపడాల. వాటి మజ్జెకి తెస్తే చాలు, పడవ దానంతటదే దారిలో పడద్ది. మనిషి దిగే పనుండదు.”

మాట సరైనదని ఆ క్షణమే అర్థమైంది. అదే మింగుడు పడలేదు. రెండేళ్లుగా చూస్తున్నా నాకు తోచనిది బడి మొహం చూడని మనిషికి తోచింది. పైగా పక్కనే జీపు డ్రైవరు వింటున్నాడు.

“ట్రైలర్ చేసినవాళ్లకి తెలియదా? నువ్వు నేర్పాలా? నీ పని నువ్వు చూసుకో” అన్నాను.

“సరే సారూ” అని వెళ్లిపోయాడు.

పది రోజులు గడిచాయి. ఆ సాయంత్రం ప్రవాహం జోరుగా ఉంది. సగం ఎక్కిన పడవ అడ్డం తిరిగింది. ఆపబోయిన ఏసోబు కుడిచెయ్యి పడవకూ, చక్రం మీది ఇనప రేకుకూ మధ్య ఇరుక్కుంది. అది చూడకుండా నేను వించ్ దగ్గరున్న కూలీలను ఇంకా తిప్పమని అరిచాను. వాళ్లు తిప్పారు.

మాచర్ల ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. ప్రమాదం రిపోర్టు రాయాల్సింది నేనే. ‘పడవ నడిపే వ్యక్తి నిలబడకూడని చోట నిలబడ్డాడు’ అని రాశాను. అతనికి నిలబడడానికి వేరే చోటు లేదని రాయలేదు.

మర్నాడే గొట్టాలు వెల్డింగ్ చేయించాను. పడవ గీసుకోకుండా వాటికి పాత టైరు ముక్కలు చుట్టించాను. వీటిని గైడ్ పోస్టులు అంటారని తర్వాత తెలిసింది. నీళ్లలో ఎవరూ దిగకుండానే పడవ నేరుగా వచ్చి కూర్చుంది. చూడ్డానికి వచ్చిన ఇంజనీరుగారు, “బాగుందయ్యా. ఎవరి ఆలోచన?” అన్నారు.

“నాదే సార్” అన్నాను. డ్రైవరు జీపు అద్దం తుడుస్తూ ఉండిపోయాడు.

వారం తర్వాత ఏసోబు ఇంటికి వెళ్లాను. చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరవకముందే అడిగాడు.

“గొట్టాలు పెట్టించారంట గదా. పడవ సక్కంగా వస్తందా?”

“వస్తోంది.”

“ఎంత ఎత్తు?”

నా ఛాతీ దగ్గర చెయ్యి పెట్టి చూపించాను.

“చాలదు సారూ. నీళ్లు పెరిగితే మునుగుతయ్యి. ఇంకో మూరెడు పెంచండి.”

“ఏసోబూ, రిపోర్టులో నేను…”

“తెలుసు సారూ. డ్రైవరు చెప్పాడు.” కట్టు సర్దుకున్నాడు. “మూరెడు మాత్రం పెంచండి. ఇప్పుడు పడవ మీదున్నోడు మా తమ్ముడు.”

మర్నాడు పొద్దున్నే మూరెడు పెంచాను. తర్వాత ఇంజనీరుగారి దగ్గరికి వెళ్లి, ఆలోచన ఎవరిదో, రిపోర్టులో ఏం దాచానో చెప్పాను. ఆయన విని, “కాగితం పైకి వెళ్లిపోయింది. ఇప్పుడు కదిలిస్తే నీకే ఇబ్బంది. వదిలెయ్” అన్నారు.

వదిలేశాను. ఆ గది దాటి బయటికి వస్తుంటే మనసు తేలికపడింది. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు అన్నిటికంటే సిగ్గు కలిగించేది ఆ తేలికే. నా రిపోర్టు పుణ్యమా అని ఏసోబును మళ్లీ పడవ ఎక్కనివ్వలేదు. స్టోరు దగ్గర కాపలా పెట్టారు. ఎదురుపడినప్పుడల్లా మామూలుగానే దణ్ణం పెట్టేవాడు. దానికి బదులుగా చెయ్యి ఎత్తడం నాకు కష్టమయ్యేది.

ఆ తర్వాత చానాళ్లు, చాలా చోట్ల పనిచేశాను. ప్రమాదం ఎక్కడుందో నీళ్లలో నిలబడినవాడికే ముందు తెలుస్తుందని అప్పుడు నేర్చుకున్నాను. కింది మనిషి ఏదైనా చెబితే విని, అతని పేరుతోనే కాగితం మీద పెట్టేవాణ్ణి. మంచి ఆఫీసరన్న పేరు వచ్చింది. ఎవరైనా ఎదురుగా ఆ మాట అంటే తల దించుకునేవాణ్ణి. వాళ్లు వినయం అనుకునేవారు. ఆ పాఠానికి పోయిన వేళ్లు నావి కావని వాళ్లకు తెలియదు.