అనుపు మెట్ల మీద విన్న పద్యం

2023 కార్తీకమాసం, ఒక ఆదివారం. వనభోజనాల రోజులు కావడంతో నాగార్జునసాగర్‌లో కాలు పెట్టడానికి చోటు లేదు. చెట్టుకొక కుటుంబం, కుటుంబానికొక పులిహోర గిన్నె, గిన్నెకొక కోతి. నాది మిర్యాలగూడ. కుటుంబాలకు, బడిపిల్లలకు సాగర్ చుట్టుపక్కల చూపించే టూరిస్ట్ గైడ్‌ని. చూసిందే చూస్తుంటే విసుగు పుట్టదా అని చాలామంది అడుగుతారు. రాళ్ల మీద నాకు విసుగు రాదు, మనుషుల మీదే అప్పుడప్పుడు వస్తుంది.

మా పనిలో ఐటినరీ అని ఒకటుంటుంది. ఏ పూట ఎక్కడికి వెళ్లాలో ముందే వేసుకునే వరస అది. పొద్దున డ్యామ్, తర్వాత లాంచీలో నాగార్జునకొండ మ్యూజియం, భోజనాలయ్యాక ఎత్తిపోతల జలపాతం, చివరికి అనుపు. ఈ వరసలో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో కుటుంబాలు ముందే ఫోన్ చేసి చెబుతాయి.

అట్లా ఫోన్ చేసినవాడే రవి. వాళ్లది కోదాడ దగ్గర చిలుకూరు. అతను నేరేడుచర్లలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజర్. తల్లిని, తండ్రిని, ఐదేళ్ల కూతురిని తీసుకొస్తానన్నాడు. అనుపులో పాతకాలపు రంగస్థలం ఉంటుందని నేను చెప్పగానే అడ్డం పడ్డాడు.

"అది తీసేయండి మేడం. మా నాన్న నాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. పద్యం ఎత్తుకుంటే ఊరవతలి దాకా వినపడేది. మూడేళ్ల కింద గొంతులో గడ్డయి ఆపరేషన్ చేసిన్రు. గొంతు పోయింది. అప్పటి నుంచి మాట్లాడటమే మానేసిండు. మీరు ఆయన్ని ఏం అడగొద్దు. నాటకాల ముచ్చట అసలే తియ్యొద్దు. ఇంట్లో మేం కూడా తియ్యట్లేదు."

అతని మాటలో తండ్రి మీద ఎంత ప్రేమ ఉందో ఫోన్‌లోనే తెలిసింది. సరేనన్నాను, అనుపు తీసేశాను.

ఆ ఆదివారం రవి తండ్రి నర్సయ్య తాతను మొదటిసారి చూశాను. పొడుగు మనిషి, తెల్లటి జుట్టు మెడ మీదికి దువ్వి ఉంది. వేషం విప్పి ఎన్నేళ్లయినా నడకలో రాజు పోలేదు. నమస్కారం పెడితే నవ్వి తల వంచాడు. ఏది కావాలన్నా చేత్తోనే సైగ చేస్తున్నాడు. ఆయన చెయ్యి లేవకముందే భార్య సైదమ్మ నీళ్ల సీసానో తువ్వాలో అందిస్తోంది. మనవరాలు అక్షయకు మాత్రం నోరు మూతపడటం లేదు. తాత వాటా మాటలు కూడా ఆ పిల్లే మాట్లాడేస్తోంది.

డ్యామ్ చూసి లాంచీ రేవుకు వెళ్లేసరికి గాలి లేచింది. నీళ్ల మీద గాలి ఎక్కువైతే లాంచీలు ఆపేస్తారు. ఆ రోజుకు మ్యూజియం లేనట్టే. రవి గంటసేపు ఆశగా నిలబడ్డాడు. అక్షయ ఏడుపు అందుకుంది.

"ఎత్తిపోతల దారి అంతా వాహనాలే. పిల్ల ఆడుకోవాలంటే ఇప్పుడు అనుపు ఒక్కటే మిగిలింది" అన్నాను.

రవి తండ్రి వైపు చూసి గొంతు తగ్గించాడు. "సరే మేడం. నాన్న వ్యాన్‌లోనే కూసుంటడు. మనం పోయి తొందరగా వద్దాం."

కూర్చుంటారా అని ఆయన్ని మాత్రం ఎవరూ అడగలేదు. వ్యాన్ ఆగగానే అందరికంటే ముందు దిగింది నర్సయ్య తాతే.

అనుపులో ఉన్నది చదరపు రాతి ఆవరణ. నాలుగు వైపులా పైకి లేచే మెట్లు, నడుమ ఆటపాటలకు చోటు. ఇక్ష్వాకుల కాలం నాటిదంటారు. కింద లోయలో ఉండేది. ఆనకట్ట కట్టి లోయ మునిగిపోయే ముందు తవ్వకాలు జరిపినవాళ్లు దీన్ని తెచ్చి ఇక్కడ మళ్లీ పేర్చారు. దీని గొప్పంతా అకూస్టిక్స్‌లో ఉంది. అంటే ఒకచోట పుట్టిన చప్పుడు చుట్టూ ఎట్లా పాకుతుందన్న సంగతి. నడుమ నిలబడి మెల్లగా మాట్లాడినా, చుట్టూ సద్దు లేకపోతే పై మెట్టు మీద వినపడుతుంది.

సద్దు లేకపోతే కదా! మేం వెళ్లేసరికి కాలేజీ కుర్రాళ్లు నడుమ నిలబడి ఈలలు, కేకలు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నాయనా, వెయ్యేళ్లకు పైబడిన రాళ్లివి. వీటికి చెవుడు రాలేదు. మీరు అరిచి తెప్పించకండి" అన్నాను. నవ్వుకుంటూనే వెళ్లిపోయారు, పాపం మంచి పిల్లలే.

అక్షయను, సైదమ్మను పై మెట్టు మీద కూర్చోబెట్టి నేను నడుమకు వచ్చాను. ఎప్పుడూ చేసే పనే. గొంతు బాగా తగ్గించి, "అక్షయా, నీ జడ రిబ్బన్ ఊడిపోయింది" అన్నాను. ఆ పిల్ల పైన ఉలిక్కిపడి జడ తడుముకుంది. సైదమ్మ ముక్కున వేలేసుకుంది.

నర్సయ్య తాత మొదటి మెట్టు దగ్గర నిలబడి అంతా చూశాడు. నా పెదాలు ఎంత కదిలాయో, పైన పిల్ల చెయ్యి ఎట్లా జడ మీదికి వెళ్లిందో చూశాడు. తర్వాత నెమ్మదిగా ఆవరణలోకి నడిచాడు. నేను పక్కకు తప్పుకుని మెట్ల మీదికి వెళ్లాను.

నడుమకు వచ్చి ఆగి, తల ఎడమ వైపు తిప్పాడు. అక్కడ ఎవరూ లేరు. హార్మోనియం మనిషి కూర్చునే వైపు అది. శ్రుతి అందితే తప్ప నాటకంలో నటుడు నోరు విప్పడు. ఎవరూ లేరని తెలిసి ఆయనే చిన్నగా నవ్వుకుని మనవరాలి వైపు చూశాడు.

"వినపడ్తుందా బిడ్డా?"

అది గొంతు కాదు. ఎండుటాకులు కదిలినట్టు గాలి మాత్రమే. అయినా పైదాకా వచ్చింది.

"వినపడ్తుంది తాతా!" అని అక్షయ ఎగిరి గంతేసింది. "నానమ్మా, తాతకు మాటలొచ్చినయ్!"

రవి పరుగున ఆవరణలోకి దిగి తండ్రి భుజం పట్టుకున్నాడు. తర్వాత ఇద్దరూ గుసగుసగానే మాట్లాడుకున్నారు. కంగారులో రవి ఒక సంగతి మరిచిపోయాడు. ఇంట్లో అయితే పక్క గదిలోకి కూడా వెళ్లని ఆ గుసగుసలు ఇక్కడ మెట్లన్నీ ఎక్కేశాయి.

"నాన్నా, వద్దు. గొంతు నొస్తది."

"డాక్టరు మాట్లాడొద్దన్నడా?"

"లేదు."

"మరి మీరెందుకు నన్ను మూగోణ్ణి చేసిన్రు? నోరు తెరిస్తే చాలు, ఊకో నాన్నా అంటరు. టీవీలో పద్యమొస్తే బంద్ చేస్తరు. నా హార్మోనియం కూడా లేకుండ చేసిన్రు."

"అటక మీద పెట్టిన నాన్నా. దాన్ని చూస్తే నీకు బాధయితదని."

"నాకు బాధనా?" ఆయన చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఈ గొంతు వినబుద్ధి గాక మీరే నామోషీ పడుతున్నరని అనుకున్న నేను."

రవి ముఖం రెండు చేతులతో కప్పుకున్నాడు. గైడ్‌గా నేను కాస్త దూరంగా వెళ్లాలి. వెళ్లలేదు. నిజం చెప్పాలంటే, కళ్లు కనపడలేదు.

అప్పుడు పై మెట్టు నుంచి సైదమ్మ అంది. ఆమె గొంతులో తడితోపాటు కోపం కూడా ఉంది.

"నామోషీ ఎవరికయ్యా? నీ పద్యం విని నిన్ను చేసుకున్నదాన్ని. మూడేండ్ల నుంచి ఇల్లు బోసిపోయి, వంట చేసుకుంట నేనే నీ పద్యాలు లోపల అనుకుంటున్న. ఎత్తుకో, వింటా."

ఆయన రవిని పక్కకు జరిపాడు. ఎడమ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని పద్యం ఎత్తుకున్నాడు. ఆ పద్యం ఏదో చెప్పను, అది వాళ్లది. రాగం లేదు. రాగం తియ్యాల్సిన చోట కుడి చెయ్యి గాలిలోకి లేచి, మెలికలు తిరిగి, దిగింది. గొంతు చేసే పనంతా ఆ చెయ్యి చేసింది. మాటలు మాత్రం ఒక్కటీ జారలేదు. చివరి పాదం దగ్గర ఊపిరి అందక ఆగి, మళ్లీ అందుకుని పూర్తి చేశాడు.

పద్యం అయ్యాక ఎవరమూ చప్పట్లు కొట్టలేదు. చెట్ల మీద గాలి, ఎక్కడో కోతుల గోల. సైదమ్మ లేచి నిలబడింది. కొంగు నడుముకు దోపుకుంది. నోటి చుట్టూ రెండు చేతులూ పెట్టి, నేను కుర్రాళ్లను తిట్టిన సంగతి లెక్కచేయకుండా కేకేసింది.

"వన్స్ మోర్!"

మా వైపు పద్యనాటకం చూసినవాళ్లకు ఆ కేక విలువ చెప్పక్కర్లేదు. చూడనివాళ్ల కోసం చెబుతాను. పద్యం నచ్చితే జనం అట్లా అరుస్తారు. అరిచాక నటుడు మళ్లీ పాడి తీరాలి. రాజు యుద్ధానికి వెళ్తున్నా సరే, ఆగి పాడాలి. పాడకపోతే నాటకం ముందుకు సాగనివ్వరు. మర్యాదకు ఎవరూ ఆ కేక వెయ్యరు, జాలితో అసలే వెయ్యరు.

నర్సయ్య తాతకు అది అందరికంటే బాగా తెలుసు. అందుకే ఆ ముఖం అట్లా వెలిగింది. రంగస్థలం మీద పెట్టినట్టే వంగి ఆమెకు నమస్కారం పెట్టి, మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. ఈసారి ఎడమ వైపు, హార్మోనియం మనిషి ఉండాల్సిన చోట, రవి వెళ్లి నేల మీద కూర్చున్నాడు.

ఆ తర్వాత వాళ్లు మళ్లీ సాగర్ రాలేదు. రవి ఒకసారి ఫోన్ చేశాడు. హార్మోనియం అటక దిగిందట. అక్షయ దాని మెట్లు ఇష్టమొచ్చినట్టు నొక్కుతుంటే తాత పొద్దస్తమానం తిడుతున్నాడట. "ఇల్లంతా లొల్లి లొల్లి మేడం" అన్నాడు. అంత సంతోషంగా ఫిర్యాదు చేసిన మనిషిని నేను చూడలేదు.

నా పనిలో ఆ రోజు ఒక పద్ధతి మారింది. పిల్లలు ఫోన్ చేసి పెద్దవాళ్ల తరఫున ఇది వద్దు, అది తీసేయండి అంటూనే ఉంటారు. అంతా ప్రేమే, కాదనను. ఎదుటి మనిషికి బాధ కలుగుతుందని మనమే అనుకుని, ఆయన్ని అడక్కుండానే ఆయన లోకంలో ఒక్కొక్కటీ తీసేస్తాం. చివరికి ఆయన్నే తీసేసినట్టవుతుంది. అందుకే ఇప్పుడు నేను ఐటినరీ వేసే ముందు, "ఒకసారి ఫోన్ పెద్దాయనకు ఇస్తారా?" అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

మొన్న సూర్యాపేట నుంచి ఒకామె ఫోన్ చేసింది. నాన్నకు చూపు పోయింది, సాగర్ వచ్చినా ఆయన చూసేదేముంది, హోటల్ గదిలో పడుకోబెడతామంది. నేను ఫోన్ ఆయనకు ఇమ్మన్నాను. పెద్దాయన ఫోన్ అందుకుని అడిగాడు.

"అమ్మా, నీళ్ల తుంపర మొఖం మీద పడే జాగ ఏమన్న ఉంటదా గాడ?"

"ఉంటది పెద్దయ్యా. ఫస్టు గాడికే పోదాం" అన్నాను.