నీరుముంగలి

మొన్న మా మనుమరాలు తన కాలేజీ పుస్తకంలో ‘నీరుముంగలి’ అన్న మాట చూపించి, ఇది మన దిక్కు పాత మాటనట గదా తాతా అని అడిగితే, కండ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఆ మాటను పుట్టించింది నేనే.

జాగీర్లు రద్దయి, మా గడీ కూలి, కరీంనగర్‌లో ఒక అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దే పనికి కుదిరిన రోజులవి. కుదిరినా మెడ వంచలేదు. షేర్వాణీ గుండీలన్నీ పెట్టుకునే దిద్దేవాణ్ణి. పాత గ్రామసేవల పేర్ల పుస్తకం అచ్చవుతుండగా ఒక పేజీ అడుగున రెండు పంక్తుల ఖాళీ మిగిలింది. అక్షరాలు కూర్చే పెద్దాయన నవ్వి, “దొరా, భూములు పోయినయ్ గని మాటలు పోలే గద, ఒకటి పుట్టియ్యుండ్రి” అన్నాడు. పౌరుషం పొడుచుకొచ్చింది. చిన్నప్పుడు చెన్నూరు దగ్గర గోదావరి దాటేటప్పుడు మా తాత సవారిబండి ముందు కట్టెతో లోతు చూస్తూ నడిచిన మనిషి మనసులో మెదిలాడు. నీళ్ళలో ముంగల నడిచే ఆ పనికి ‘నీరుముంగలి’ అని పేరు కల్పించి, అనాదిగా వస్తున్న సేవ అని రాసి పడేశాను. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

ఏడాది తిరగకముందే, కట్టెతో లోతు చూసిన ఆ మనిషే, నడుము వంగిపోయి, అచ్చుకూటం గడపలో నిలబడ్డాడు. ఆ పనికి బదులుగా మా తాత నోటిమాటగా ఇచ్చిన రెండెకరాల చేను చేజారబోతోంది. పుస్తకంలో పేరున్న సేవ అయితేనే నిలుస్తుందని అధికారి పట్టుబడితే, పట్వారీ మా పుస్తకం తెరిచి చూపాడట. ఇక కావలసింది మా ఇంటి సాక్ష్యం.

“గా పేరు నాకెరుకనే లేదు దొరా, బుక్కుల ఉన్నదట. మీరొక్క మాట చెప్తే నా మన్ను నాకుంటది.”

నిజం చెబితే అతని చేను పోతుంది, నా కొలువూ పోతుంది. చెప్పకపోతే, ఇంత పడిపోయినా మా నోట అబద్ధం రాలేదని తలెత్తుకు తిరిగిన ఆ ఒక్కటీ పోతుంది. కచేరీలో, కోస్తా నుంచి వచ్చిన అధికారి, “ఈ మాట మీ ఇంట్లో వాడేవారాండీ?” అన్నాడు. వాడేవాళ్ళమన్నాను.

చేను నిలిచింది. ఊరంతా అతణ్ణి ఆ పేరుతోనే పిలిస్తే మురిసిపోయేవాడట. పుస్తకం మళ్ళీ మళ్ళీ అచ్చయింది; ఆ పంక్తిని కొట్టేయలేక, నిమ్మళంగా చదవనూ లేక, ప్రతిసారీ నేనే దిద్దాను.

ఇప్పుడు గోదావరికి వంతెనలు వచ్చాయి, నీళ్ళెంత లోతో తెలియకుండానే దాటేస్తున్నాం. ఆనాడు సాక్ష్యం రాసుకుంటూ అధికారి అతని అసలు పేరేమిటని నన్నే అడిగాడు. నాకు తెలియలేదు. బతుకంతా మా ముందు నీళ్ళలో నడిచిన మనిషిని, మా ఇంట్లో అందరం “అరేయ్” అనే పిలిచాం.