ఆయమ్మ కూర్చున్న బకెట్

ఆయమ్మ పోయింది. ఖమ్మంలో మా కాలేజీ ఎలుకల గదిని ఏళ్ల తరబడి చూసుకున్న మనిషి. సత్తుపల్లి నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. "నిద్రలనే పోయింది మేడం. పక్కింటోళ్లు తలుపు తీసి చూసిండ్రు." సరే అన్నాను. ఏడుపు ఇప్పటికీ రాలేదు.

నా పరిశోధన ఒంటరితనం మీద. కొన్ని ఎలుకల్ని గుంపుగా, కొన్నింటిని పంజరానికి ఒకటిగా పెంచుతాం. ఒంటరివాటిని కొత్త పెట్టెలో వదిలితే బెదిరి మూలకు నక్కాలి. మావి మాత్రం మగపెళ్లివారిలా తిరిగేవి. ఎందుకో తెలియక మూడు నెలలు తల పట్టుకున్నాను. ఒకరోజు పెందలాడే వెళ్తే గుట్టు తెలిసింది. ఆయమ్మ బకెట్ బోర్లించుకుని ఒంటరి పంజరాల ముందు కూర్చుని ఉంది. ఒక ఎలుక ఆమె భుజం మీద ఉంది. మిగిలినవి తమ వంతు కోసం చూస్తున్నాయి.

"ఏంది ఆయమ్మా ఇది?" అన్నాను.

"ఊకెనే కూసున్న బిడ్డా. భద్రాచలం అవతల మా గూడెంల ఎవరన్న ఒక్కలే మిగిలితే, పోయి జరసేపు కూసుంటం. మాట్లాడకున్నా సరె. గివి గూడ ఒక్కటొక్కటే ఉన్నయ్ గద."

మండిపడ్డాను. మూడు నెలల పని మట్టిలో కలిసింది మరి. "నీ జాలి నా కొంప ముంచింది" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. కొత్త ఎలుకలు వచ్చాక ఆమె రోజూ పదింటికి మేత పెట్టి, చేతులు కొంగులో చుట్టుకుని బయటికి వెళ్లిపోయేది. అవి చక్కగా మూలకు నక్కాయి. నా ఫలితాలు కుదిరాయి.

మోకాళ్లు సహకరించక ఆయమ్మ రెండు నెలల క్రితం పని మానేసింది. అప్పటి నుంచి ఎలుకలకు మేత సాయంత్రం నేనే పెడుతున్నాను. ఆమె కిరాయి గదిలో ఒక్కతే ఉండేది. పోయిన నెల ఫోన్ చేసి, "ఒకపారి వచ్చి కూసోరాదు బిడ్డా" అంది. ప్రయోగం పూర్తవగానే వస్తానన్నాను. "అవ్, పని చూస్కో" అంది. ఆ గది మా కాలేజీకి రెండు వీధుల అవతల. నేను వెళ్లలేదు.

నిన్న అంత్యక్రియలు అయ్యాయి. ఇవాళ పొద్దున ఎలుకల గదిలో బకెట్ బోర్లించి, ఆయమ్మ మేత పెట్టిన ఒక ఒంటరి ఎలుక పంజరం ముందు కూర్చున్నాను. ఇక ఈ ఎలుక ప్రయోగానికి పనికిరాదు. కానీలే అనుకుని చేయి లోపల పెట్టాను. అది మూల నుంచి కదల్లేదు. చాలాసేపు అలాగే ఉన్నాం. పది అయింది. అప్పుడది లేచి, నా చేతిని దాటుకుని వచ్చి, వెనక కాళ్ల మీద నిలబడి గది తలుపు వైపు తిరిగింది.