చప్పట్లకు లేచిన ఫ్లెమింగోలు

శ్రీలంక తీరంలో నా ఫ్లెమింగోల ఫోటో ఎందుకు రాలేదో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అందరూ ఫిల్ము పాడైందనుకున్నారు.

నర్సీపట్నం నుంచి నాకు తోడుగా మా పెదనాన్నను పంపారు. రోలుగుంటలో వరిచేను మీది పిట్టలను తోలిన అనుభవంతో ఆయన నా ఫోటోగ్రఫీ బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నారు. బురదలో నెమ్మదిగా మేస్తున్న పక్షులను చూసి, "తలొంచుకున్నోల్లకి ఫోటో ఏటమ్మా? నేను లేపుతాను, బేగి తియ్యి!" అంటూ చప్పట్లు కొట్టారు. గుంపంతా బెదిరి లేచి, ఒక చుట్టు తిరిగి, కాస్త దూరంలో వాలింది.

మా గైడు కుసుమ తెల్లబోయింది. "అన్నం తింటున్నందుకు కూడా మీ ఊళ్లో చప్పట్లు కొడతారా?" అని ఇంగ్లీషులో నన్నడిగింది. నేనూ తల దించుకున్నాను.

"తీసీసావేటి? నేకపోతే మళ్లీ లేపుతానుండు," అంటూ పెదనాన్న అరచేతులు చాపారు.

వద్దని పెద్దాయనతో అనే ధైర్యం నాకెక్కడిది? "తీసేశాను పెదనాన్నా, చాలా బాగా వచ్చింది," అన్నాను. ఆయన తృప్తిగా వ్యాను వైపు నడిచారు. పక్షులు మళ్లీ మేతలో పడ్డాయి.

ఆయనతో ఏమన్నానో ఇంగ్లీషులో చెప్తే, కుసుమ నా కెమెరా వైపు వేలు చూపించింది. లెన్సు మీద మూత అలాగే ఉంది.

"ఈసారి అబద్ధం చెప్పేటప్పుడు," అంది మెల్లగా, "ముందు మూత తీయండి."